కష్టం వినయాన్ని నేర్పుతుందా? ఉద్దానం నుంచి నా అనుభవం

"కష్టాలు మనిషికి వినయం నేర్పుతాయి, దేవుడికి దగ్గర చేస్తాయి అంటారు. నిజంగా అలా జరిగినవాళ్ళు ఉన్నారా?" అని అడిగారు. నాకు జరిగింది. అయితే నేను అనుకున్న దారిలో జరగలేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు. కొబ్బరి, జీడి, పనస తోటల ఊరు. నాకు సొంత తోట ఉంది, పైగా కొబ్బరి వ్యాపారం. దింపు కూలీలు, వలిచేవాళ్ళు, లారీలు, అన్నీ నా మాట మీదే నడిచేవి. ఒకరి దగ్గర చేయి చాచలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఒక్క రాత్రిలో మా తోటలో సగానికి పైగా చెట్లు కూలిపోయాయి. కొబ్బరి మళ్ళీ కాపుకి రావాలంటే ఐదారేళ్ళు పడుతుంది. అప్పుడు కూడా నా తల వంగలేదు. పోయింది ఆస్తే కదా, మళ్ళీ సంపాదిస్తానన్నాను. కాబట్టి కష్టం వచ్చినంత మాత్రాన వినయం వచ్చేస్తుందని నేను ఒప్పుకోను. ఆ కష్టం నన్ను ఇంకా మొండివాణ్ణి చేసింది.

మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి మీరు వినే ఉంటారు. లోపల కిడ్నీలు పాడవుతున్నా చాలాకాలం పైకి ఏమీ తెలియదు. ఊళ్ళో వైద్య శిబిరం పెట్టినప్పుడు కూలీలందరినీ పంపించాను, నేను వెళ్ళలేదు. దింపు కూలీ ఒకతనికి జబ్బు బయటపడి, మందులకి అడ్వాన్సు అడగడానికి వచ్చాడు. డబ్బు ఇచ్చాను. ఇస్తూ, "నీ తాగుడే నిన్ను ఇక్కడికి తెచ్చింది" అన్నాను, పదిమంది ముందు. అతను తలవంచుకుని వెళ్ళిపోయాడు. చుక్క ముట్టని నాకు రెండేళ్ళ తర్వాత అదే జబ్బు బయటపడింది. కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, ఒకటి దగ్గర ఉండాల్సింది అప్పటికే 6 దాటింది.

ముందు అరసవల్లి వెళ్ళాను. సూర్యనారాయణ స్వామి ఆరోగ్యం ఇచ్చే దేవుడని మా వైపు అందరి నమ్మకం. ఆదివారం ఆదివారం వెళ్ళి సూర్యనమస్కారాలు చేయించాను. తగ్గితే ఇంత చెల్లిస్తానని మొక్కుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, కొబ్బరి లోడుకి రేటు మాట్లాడినట్టే స్వామి దగ్గర కూడా మాట్లాడాను. తగ్గలేదు. కోపంతో ఏడాది పాటు ఇంట్లో దీపం దగ్గర కూడా నిలబడలేదు.

2021లో డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు, అంటే ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. ప్రతిసారీ అందులో రెండు లావాటి సూదులు గుచ్చుతారు. ఒంట్లో నీరు చేరకుండా, తాగే నీళ్ళు కొలుచుకోవాలి. ఉదయం మా ఆవిడ ఒక లీటరు సీసా నింపి పెడుతుంది. మజ్జిగైనా టీ అయినా ఆ లెక్కలోదే. సాయంత్రానికి సీసా ఖాళీ అయిపోతే, "ఇంకో గుక్క ఇవ్వవే" అని అడుగుతాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, ఇవ్వదు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, గుండెకి ప్రమాదం అన్నారు. మా ఇంటికి ఎవరొచ్చినా ముందు బొండం కొట్టి ఇవ్వడం మా నాన్న నాటి నుంచీ ఉంది. ఆ ఇంట్లో నేను తాగకూడనిది అదే.

మొదటి వారంలో ఒకరోజు డయాలసిస్ సగంలో బీపీ పడిపోయి పిక్కలు పట్టేశాయి. ఆ నొప్పి పడ్డవాళ్ళకే తెలుస్తుంది. అరిచాను. పక్క మంచం మీదున్నతను అప్పుడే తన వంతు ముగించుకుని చేతికి పట్టీ వేయించుకుంటున్నాడు. లేచి వచ్చి, "కాలు సాపండి బాబూ" అని పిక్కలు నొక్కడం మొదలుపెట్టాడు. తలెత్తి చూస్తే, నేను పదిమందిలో మాట అన్న ఆ దింపు కూలీ. బస్సు వదిలేసుకుని నా మంచం దగ్గర కూర్చున్నాడు. క్షమించమని అడగడానికి నాకు ఇంకో మూడు వారాలు పట్టింది. అడిగితే, "అదిప్పుడెందుకు బాబూ" అన్నాడు, అంతే.

తర్వాత ఇద్దరి వంతూ ఒకటే అయింది. పక్కపక్క మంచాల మీద చాలా మాట్లాడుకున్నాం. ఒకసారి, నీకు భయం లేదా అని అడిగాను. "బయ్యమెందుకుండదు బాబూ. సూది పొడిసే పాపకి సెయ్యి ఒగ్గీసినాం కదా, అలాగే ఆ సామికి ఒగ్గీసినాను" అన్నాడు. ఒగ్గీడం అంటే మా వైపు వదిలేయడం. దేవుడి మీద నమ్మకం గురించి నేను విన్న ప్రవచనాలు చాలానే ఉన్నాయి, ఈ మాట దిగినంత లోతుగా ఏదీ దిగలేదు. గజేంద్రుడి కథ కూడా అప్పుడే అర్థమైంది. ఒంట్లో బలం ఉన్నంతకాలం పోరాడాడు, అసలు దేవుడు ఉన్నాడో లేడోనని సందేహపడ్డాడు, ఆ తర్వాతే పిలిచాడు. సందేహపడ్డందుకు స్వామి రాకుండా ఉండలేదు.

అతను పోయి ఏడాది దాటింది. ఆ మంచం చూసినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నాకు బుద్ధి చెప్పడానికి దేవుడు ఈ జబ్బు ఇచ్చాడని నేను అనుకోవడం లేదు. మా ఊళ్ళలో వేలమందికి ఉంది. నీళ్ళు, నేల, పురుగుమందులు, ఎండలో పని అంటూ ఏళ్ళ తరబడి పరిశోధించినా కారణం ఇదీ అని తేలలేదు. వాళ్ళందరి బాధా నా అహంకారం కోసమే అనుకుంటే, అంతకంటే పెద్ద అహంకారం ఇంకేముంటుంది? కష్టంలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి "దేవుడు పరీక్షిస్తున్నాడు" అని దయచేసి అనకండి. కాసేపు పక్కన కూర్చోండి. అలాగే, దేవుడికి వదిలేశాం కదా అని డయాలసిస్ మానేయకండి. రెండు వంతులు మానేసి ఊపిరాడక వచ్చినవాళ్ళని చూశాను.

అరసవల్లి ఇప్పటికీ వెళ్తాను, మా అబ్బాయి భుజం పట్టుకుని. ఏమీ అడగను. రాత్రి పడుకునే ముందు ఎడమ చేతి మీద కుడి చేయి వేసి ఫిస్టులా ఆడుతోందో లేదో చూసుకోవాలి, నర్సు నేర్పింది. వేళ్ళ కింద సన్నగా జుమ్మంటూ తగులుతుంది. తగలగానే, ఈ రోజు ఇచ్చావు స్వామీ అనుకుని దీపం తగ్గిస్తాను.