నలభైకి దగ్గరలో పీహెచ్‌డీ, వెంట ఇద్దరు పిల్లలు

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 39 ఏళ్లు, చాలాకాలంగా కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇన్నాళ్లకు పీహెచ్‌డీకి రెండు చోట్ల సీటు వచ్చింది, ఒకటి అమెరికాలో, ఒకటి జర్మనీలో. మావారు ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. పాపకు 13, బాబుకు 6. అందరం కలిసే వెళ్లాలని ఉంది. ఆయన "నువ్వెక్కడికంటే అక్కడికే" అంటున్నారు గానీ రాత్రిళ్లు లెక్కలు వేసుకుంటూ కూర్చుంటున్నారు. బంధువులేమో పిల్లల్ని వదిలేసి వెళ్లమంటున్నారు. ఈ వయసులో ఇదంతా అవసరమా అని నాకే టెన్షన్‌గా ఉంటోంది. ఏ దేశం మంచిదంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: వయసు సంగతి ముందే తేల్చేద్దాం. సీటిచ్చినవాళ్లకు లేని అభ్యంతరం బంధువులకెందుకండీ? మీ క్లాసులో అందరూ మీకన్నా పదిహేనేళ్లు చిన్నవాళ్లుంటారు, మొదటి నెల కాస్త ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత వాళ్లే నోట్సు కోసం మీ దగ్గరికొస్తారు. అంతే.

అసలు ఆలోచించాల్సింది మీవారి గురించి. మీరు దిగిన మర్నాటి నుంచే మీకో ల్యాబు, ఒక గైడు, వెళ్లాల్సిన చోటు ఒకటి ఉంటాయి. పిల్లలకు బడి ఉంటుంది. ఇన్నేళ్లు ఉద్యోగం చేసిన మనిషి పొద్దున తొమ్మిదింటికి అందరూ వెళ్లిపోయాక ఆ ఇంట్లో ఏం చేస్తారు? కుటుంబంతో వెళ్లిన చాలామందికి చదువు కన్నా ఇదే కష్టమవుతుంది. ఆయన రాత్రిళ్లు వేస్తున్న లెక్కలు డబ్బు గురించి మాత్రమే కాకపోవచ్చు, ఒకసారి పక్కన కూర్చుని అడగండి.

అమెరికాకు మీరు ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్తే వాళ్లు ముగ్గురూ ఎఫ్-2 మీద, అంటే స్టూడెంటు కుటుంబానికిచ్చే వీసా మీద వస్తారు. ఎఫ్-2 మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం చేసే హక్కు లేదు. ఫుల్‌టైమ్ కాకుండా కొన్ని కోర్సులు మాత్రం చదువుకోవచ్చు. పాత కంపెనీకే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పనిచేస్తే ఎవరికి తెలుస్తుందని సలహా ఇచ్చేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును అడక్కుండా ఆ పని పెట్టుకోవద్దు, తేడా వస్తే నలుగురికీ ఇబ్బంది. మీరు కూడా సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అంటే ఐదారేళ్లు నలుగురూ మీ ఒక్కరి స్టైపెండ్ మీద బతకాలి. ఆఫర్ లెటర్లో "హెల్త్ ఇన్సూరెన్స్" అని ఉంటే సంతోషపడిపోకండి, చాలాచోట్ల అది స్టూడెంటుకు మాత్రమే. భర్తనూ పిల్లల్నీ కలిపితే ఎంత కట్టాలో మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి, ఆ అంకె చూశాకే నిర్ణయం తీసుకోండి.

జర్మనీలో సంగతి వేరు. అక్కడ మీరు ప్రొఫెసర్‌ను అడగాల్సింది ఒకటే: ఇది ఉద్యోగ కాంట్రాక్టా, స్కాలర్‌షిప్పా? అక్కడ చాలామంది పీహెచ్‌డీ వాళ్లు యూనివర్సిటీ ఉద్యోగులుగా చేరతారు, జీతం వస్తుంది. కాంట్రాక్టయితే ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్సులో సంపాదన లేని భర్త, పిల్లలు అదనంగా ఏమీ కట్టకుండానే చేరిపోతారు. స్కాలర్‌షిప్పయితే మాత్రం ఇందాక కొట్టిపారేసిన వయసు ఇక్కడ అడ్డొస్తుంది, 30 దాటాక స్టూడెంట్ రేటుకు ఆ ఇన్సూరెన్సు రాదు. ఇక మీవారికి ఫ్యామిలీ వీసా మీద ఉద్యోగం చేసే హక్కు ఉంటుంది. అయితే హక్కు ఉండటం వేరు, ఉద్యోగం దొరకడం వేరు. అకౌంట్స్ పనికి జర్మన్ రావాలి, అక్కడి పన్నుల పద్ధతీ తెలియాలి. మీకు రెసిడెన్స్ పర్మిట్ ఏ కోవలో ఇస్తారన్నదాన్ని బట్టి ఆయనకు వీసాకు ముందే ఏ1 స్థాయి (అన్నిటికన్నా మొదటి మెట్టు) జర్మన్ పరీక్ష అవసరం పడొచ్చు, కాబట్టి ఎలాగూ ఇవాళే మొదలుపెట్టించండి.

పిల్లల్లో బాబు గురించి నాకేం బెంగ లేదు. ఆరేళ్లవాడు ఏ భాషనైనా ఆడుకుంటూ పట్టేస్తాడు. పాప దగ్గరే ఆగాలి. అమెరికాలో ఎఫ్-2 పిల్లలు ప్రభుత్వ బడిలో ఫీజు లేకుండా చదువుకోవచ్చు, ఇంగ్లీషు కాబట్టి మొదటి రోజు నుంచే క్లాసులో మాట్లాడగలుగుతుంది. కానీ మీ పీహెచ్‌డీ పూర్తయ్యే సమయానికి తను 12వ తరగతి దాటుతుంది. ఎఫ్-2 మీద ఫుల్‌టైమ్ కాలేజీ కుదరదు, సొంతంగా ఎఫ్-1 తీసుకుని విదేశీ విద్యార్థుల ఫీజు కట్టాలి, అప్పటికి మీ చేతిలో ఏముంటుంది? జర్మనీలో దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి తర్వాతే పిల్లల్ని వేర్వేరు రకాల బడులకు పంపేస్తారు, 13 ఏళ్లకు భాష రాకుండా వెళ్లిన పిల్లకు మొదటి ఏడాది, ఏడాదిన్నర నరకంలా అనిపించొచ్చు. అది దాటితే చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజే ఉండదు.

నన్నడిగితే, కాంట్రాక్టు ఇస్తామంటే జర్మనీ. స్కాలర్‌షిప్ అంటే అమెరికా, అదీ ఇన్సూరెన్స్ అంకె మోయగలిగేలా ఉంటేనే. పాపకు మాత్రం "అక్కడంతా బావుంటుంది" అని చెప్పొద్దు. జర్మన్ రాక కొన్నాళ్లు క్లాసులో మూగగా కూర్చోవాల్సి వస్తుందని ఇప్పుడే చెప్పి, తనేమంటుందో వినండి.

పిల్లల్ని వదిలి వెళ్లడానికి నేను ఒప్పుకోను. మీరు ఒక సెమిస్టర్ ముందు వెళ్లి ఇల్లు చూసుకున్నాక వాళ్లు రావడం మంచి పద్ధతే. అంతకుమించి సాగదీయొద్దు. అమెరికాలో ఏ బడి అన్నది మీ అడ్రసును బట్టే ఉంటుంది, కాబట్టి బడి చూసుకునే ఇల్లు వెతకండి. క్యాంపస్‌లో ఫ్యామిలీ హౌసింగ్ ఉంటే వీసా వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే పేరు రాయించండి, అక్కడి వెయిటింగ్ లిస్టు మన కోసం ఆగదు. జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లో ఆ అడ్రసును టౌన్ ఆఫీసులో నమోదు చేయించాలి, దానికి ఇంటి ఓనరు ఇచ్చే కాగితం కావాలి. తాత్కాలికంగా గదులిచ్చే కొందరు ఆ కాగితం ఇవ్వరు, అడ్వాన్సు పంపేముందే అడగండి.

పిల్లల టీకాల కార్డు ఇప్పుడే తీసి చూడండి. ఏ టీకా ఏ తేదీన వేశారో డాక్టరు చేత ఇంగ్లీషులో శుభ్రంగా రాయించి, సంతకం, ముద్ర వేయించుకోండి. చెరిగిపోయిన కార్డు తీసుకెళ్తే బడివాళ్లు వేసినవే మళ్లీ వేయించుకు రమ్మంటారు. ఆ కార్డు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకండి, చేతి బ్యాగులో ఉంచుకోండి.