తొలకరిలో గొర్రెలు ఎందుకు చనిపోతున్నాయి, కొండగడ్డి ఎందుకు పలచబడుతోంది

తమ్ముడూ, బొబ్బిలి దగ్గర మీ కొండవాలులో గడ్డి ఏటేటా తగ్గిపోతోందని, తొలకరి తర్వాత చిటుకు రోగంతో గొర్రెలు పోతున్నాయని, మంద అమ్మేయమంటారా అని అడిగావు. అమ్మకు. ఈ రెండు కష్టాలకూ చాలావరకు మూలం ఒకటే. కొత్త గడ్డి మీదికి మందను తొందరపడి వదులుతున్నారు.

వాన పడ్డ వారానికి వచ్చిన మొలకను లాగి చూడు, వేరుతో సహా చేతిలోకి వస్తుంది. గొర్రె కొరికినా అంతే, ఆ దుబ్బు ఇక లేవదు. బెత్తెడు ఎదిగేదాకా ఆగు. ఆ లేతగడ్డినే ఆకలి మీద ఆబగా మేస్తే పేగుల్లో విషం పుడుతుంది, అదే చిటుకు రోగం. పొద్దున గెంతిన గొర్రెపిల్ల సాయంత్రానికి ఉండదు. దీనికి టీకా మే నెలలోనే వేయించు, అది పనిచేయడానికి 2 వారాలు పడుతుంది.

గడ్డి ఎదిగేదాకా మేపేదేంటి? ఉలవ పొట్టు, మినప పొట్టు, వేరుశనగ కట్టె ముందే దాచుకో. అవిశ, సుబాబుల్ మండలు కొంచెం కలుపు.

తర్వాత కొండను 4 భాగాలు చేసి, మేసిన భాగాన్ని వానాకాలంలో నెలరోజులైనా వదిలెయ్యండి. నువ్వొక్కడివే చేస్తే లాభం లేదు, అన్ని మందలవాళ్లూ కూర్చుని ఒప్పుకోవాలి. బోడిగా మారిన చోట స్టైలో గడ్డి విత్తనం చల్లండి.

వేసవిలో ఎరువు కోసం రైతుల పొలాల్లో మంద కడతారుగా, ఆ కూలి ముందే మాట్లాడుకో. పొట్టు కొనడానికి, పిల్లల బడి ఖర్చుకి ఆ డబ్బే ఆసరా. జబ్బు కనబడితే వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చెయ్యి.