డ్రైవర్ సీట్లోంచి చూస్తే పిల్లలు కనపడరు

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసంతా ఆ రోడ్డు మీదే ఉంది. కూకట్‌పల్లిలో ఇల్లు కుదిరింది, సంతోషం. కానీ మెయిన్ రోడ్డుకు ఇల్లు ఇవతల, బడి అవతల. పెద్దదానికి పదేళ్లు, చిన్నోడికి ఆరు. వచ్చే నెల నుంచి అక్కాతమ్ముళ్లు ఇద్దరే నడిచి పోతారన్నావు. నువ్వు పొద్దున్నే ఆఫీసుకు పోవాలి, అల్లుడిది నైట్ షిఫ్ట్, నీ ఇబ్బంది నాకు తెలుసు. అయినా ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో సిటీ బస్సు నడిపినవాణ్ణి. చెప్పకుండా ఉండలేను.

ముందు ఒక మాట ఖాయంగా చెప్తున్నా. అక్క చేతికి తమ్ముణ్ణి అప్పగించి ఆ రోడ్డు దాటించొద్దు. తొమ్మిది పదేళ్లు వచ్చేదాకా పిల్లలకు బండి దగ్గరుందా దూరముందా అన్నదే తెలుస్తుంది గానీ, ఎంత స్పీడుతో వస్తోందో అంచనా దొరకదు. పెద్దది ఇప్పుడిప్పుడే ఆ వయసుకు వచ్చింది. తనను తాను చూసుకోవడమే దానికి పెద్ద పని. తమ్ముడు చెయ్యి విడిపించుకుని ఉరికితే అది కూడా వెనకాలే ఉరుకుతుంది. కొన్నాళ్లు ఎవరైనా పెద్దవాళ్లు తోడుండాలి. ఎవరూ లేకపోతే నేను వస్తాను.

ఇప్పుడు ఇన్నేళ్లుగా మీ అత్తయ్యకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి రాస్తున్నా. ఒకరోజు సాయంత్రం స్టాపులో బస్సు ఆపాను. బడి పిల్లాడు ఒకడు ముందు తలుపు నుంచి దిగి, బస్సు ముందు నిలబడి నా వైపు చూశాడు. పాపం, అడిగాడన్నమాట. నేను నవ్వి, పో నాన్నా అని చెయ్యి ఊపాను. వాడు ఉరికాడు. నా కుడి పక్క నుంచి మోటార్ సైకిల్ వచ్చింది. బస్సు చాటున ఉన్న పిల్లాడు ఆ బండివాడికి కనపడలేదు, ఆ బండి పిల్లాడికి కనపడలేదు. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. నేను ఊపిన చెయ్యికి అర్థం 'నా బస్సు కదలదు' అని మాత్రమే. వాడికి మాత్రం 'రోడ్డంతా ఖాళీ' అని వినపడింది. ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఏ పిల్లలకూ అలా చెయ్యి ఊపలేదు.

అందుకే బస్సు దిగినా, స్కూల్ ఆటో దిగినా, ఆ బండి వెళ్లిపోయేదాకా పక్కకు జరిగి నిలబడమని నేర్పు. రోడ్డు రెండు వైపులా కనపడిన తర్వాతే అడుగు వెయ్యాలి. ఆగి ఉన్న కారు చాటు నుంచి దాటినా ఇదే ప్రమాదం.

ఇది నోటితో చెబితే ఎక్కదు. అల్లుడి కారు సెల్లార్‌లో ఆగి ఉంటుంది కదా. ఇంజన్ ఆపేసి, తాళం చెవి నీ దగ్గరే పెట్టుకుని, పెద్దదాన్ని డ్రైవర్ సీట్లో కూచోబెట్టు. చిన్నోణ్ణి బానెట్‌కు ఆనుకుని వంగి చెప్పు సర్దుకోమను. "తమ్ముడు కనపడుతున్నాడా?" అని అడుగు. తర్వాత వెనకాల నిలబెట్టి అద్దాల్లో వెతకమను. తర్వాత చిన్నోణ్ణి నీ ఒళ్లో కూచోబెట్టుకుని అక్కను అలాగే నిలబెట్టు. డ్రైవర్ పెద్దవాడు, అతనికి అన్నీ కనపడతాయని పిల్లలు నమ్ముతారు. ఆ నమ్మకం ఒక్కసారి పోతే వాళ్ల నడకే మారుతుంది.

అదే సెల్లార్‌లో చాక్‌పీస్‌తో పదిన్నర మీటర్ల దూరానికి రెండు గీతలు గియ్యి. మూడు లేన్ల రోడ్డులో డివైడర్ దాకా సుమారు అంతే ఉంటుంది. చిన్నోణ్ణి మామూలుగా నడవమని, సెకన్లు లెక్కపెట్టు. దాదాపు పది పడుతుంది. గంటకు 40 కిలోమీటర్లతో వచ్చే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది, పది సెకన్లలో 110. వాళ్లకు క్రికెట్ తెలుసు కదా, అయిదు పిచ్‌లకు పైనే అని చెప్పు. 'దూరంగా ఉందిలే' అనుకున్న బండి వాళ్లు సగంలో ఉండగానే వచ్చేస్తుంది. పెద్దది ఈ లెక్క తనే కట్టుకోగలదు, కట్టనివ్వు.

చూపు సంగతి. మన దగ్గర బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి ముందు కుడికి, తర్వాత ఎడమకి, మళ్లీ కుడికి చూడాలి. డివైడర్ దగ్గర ఆగి రెండో సగానికి ముందు ఎడమకి. పుస్తకంలో ఇంతే ఉంటుంది. హైదరాబాద్‌లో ఇది చాలదు. యూ టర్న్ దాకా పోవడానికి బద్ధకించి రాంగ్ రూట్‌లో వచ్చే బైకులకు లెక్కలేదు. అందుకే ప్రతి సగంలోనూ రెండు వైపులా చూడాలి. సిగ్నల్ ఎర్రగా ఉన్నా ఫ్రీ లెఫ్ట్ నుంచి బండ్లు వస్తూనే ఉంటాయి. జీబ్రా గీతల మీద నడవాల్సిందే, కానీ గీతలు చూసి అందరూ ఆగుతారని అనుకోకూడదు. ఈ మధ్య కరెంటు బండ్లు చప్పుడు లేకుండా వస్తున్నాయి, చెవులను నమ్ముకోవద్దని కూడా చెప్పు.

అసలు కింద దాటాల్సిన అవసరమే లేకుండా చూసుకో. మెట్రో స్టేషన్ దగ్గర పడితే ఒకవైపు మెట్లెక్కి, టికెట్ గేట్ల దాకా పోకుండా పై అంతస్తు మీదుగా నడిచి అవతల దిగొచ్చు. దానికి టికెట్ అక్కర్లేదు. అయిదు నిమిషాలు ఎక్కువైనా సరే, పిల్లలను ఐదు నిమిషాలు ముందు లేపు.

నీ గురించి కూడా కొంచెం చెప్పనీ. కోపం తెచ్చుకోకు. పోయినసారి దిల్‌సుఖ్‌నగర్‌లో మనం పోతున్నప్పుడు నువ్వు ఫోన్ మాట్లాడుతూ, చిన్నోడి వేలు పట్టుకుని, బండ్లకు చెయ్యి అడ్డం పెట్టి దాటావు. నీ చెయ్యి చూసి బండ్లు ఆగాయి. రేపు వాడు కూడా అలాగే చెయ్యి చాపుతాడు, ఆ చెయ్యి ఎవరికీ కనపడదు. వేలు కాదు, మణికట్టు పట్టుకో. బండ్లు వచ్చే వైపు నువ్వుండు. ఇంకోటి, రోడ్డుకు అవతల ఉన్న పిల్లలను ఎప్పుడూ పేరు పెట్టి పిలవకు. అమ్మ కనపడితే వాళ్లకు రోడ్డు కనపడదు. నువ్వే దాటి వెళ్లు. నానమ్మ, తాతయ్యలకు కూడా ఈ మాట చెప్పు.

మీ గల్లీలో కుక్కలున్నాయన్నావు. కుక్క అరిస్తే పిల్లలు ఉరికేది రోడ్డు మీదికే. ఉరక్కుండా, బ్యాగు ముందు పట్టుకుని, మెల్లగా వెనక్కి నడవడం ఇంట్లోనే ఆటలా అలవాటు చెయ్యి. వానాకాలంలో రెయిన్‌కోట్ టోపీ కళ్ల పక్కల మూసేస్తుంది, దాటేముందు వెనక్కి తోసుకోమను. రోడ్డు మీద నీళ్లు నిలిచిన రోజు మాత్రం దాటడమే వద్దు, కింద మ్యాన్‌హోల్ తెరిచి ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఆ రోజు బడి పోయినా పోనీ.

ఆదివారం పొద్దున ఏడు గంటలకల్లా వస్తాను. చాక్‌పీసు, కొలిచే టేపు తెస్తాను. కారును సెల్లార్‌లోనే ఉంచమని అల్లుడికి చెప్పు. ముందు సెల్లార్, తర్వాత మీ గల్లీ, మెయిన్ రోడ్డుకు మాత్రం సోమవారం బడి టైముకే పోదాం. ఆ రద్దీలోనే కదా వాళ్లు నడవాల్సింది.

మీ మామయ్య