జీతం సంగతి వేరు, అవమానం సంగతి వేరు

ప్రశ్న: మా ఆయన ఒక దినపత్రికలో 12 ఏళ్లుగా సబ్ ఎడిటర్. జీతం 26 వేలు. కరోనా అప్పుడు ఆపేసిన ఇంక్రిమెంట్లు మళ్లీ ఇవ్వలేదు. ఈమధ్య జీతం కూడా నెలన్నర ఆలస్యంగా పడుతోంది. కొత్తగా వచ్చిన డెస్క్ ఇన్‌చార్జి తనకు తెలిసిన కుర్రాణ్ని 40 వేలకు పెట్టుకున్నాడు. అతను రాసిన వార్త కాపీ ఈయనే దిద్దాలి. రాత్రి ఒంటిగంటన్నరకు ఇంటికొస్తారు. సరిగ్గా తినరు, మాట్లాడరు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరు పిల్లలు. మా అన్నయ్య తన ఎరువుల దుకాణంలో కూర్చోమన్నాడు. ఆ మాట చెప్పినప్పటి నుంచి నాతోనూ ముభావంగా ఉంటున్నారు. ‘నాకింకేం పని వచ్చు? ఎందుకొచ్చిన బతుకిది?’ అంటున్నారు. ఉద్యోగం మానేయమని గట్టిగా చెప్పనా, ఊరుకోనా?
- ఓ సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన మాట ముందు చూద్దాం. ‘ఎందుకొచ్చిన బతుకు’ అని విసుగొస్తే మన ఇళ్లల్లో అందరూ అంటారు. కానీ తిండి, నిద్ర, మాట మూడూ తగ్గిన మనిషి అంటున్నప్పుడు తేలిగ్గా తీసుకోకూడదు. ‘ఊరికే అంటున్నారా, చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునన్నా, మాట దాటేసినా ఒంటరిగా వదలకుండా ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆయన చేయనంటే మీరే చేసి సలహా అడగండి.

ఇక ఉద్యోగం. మీరు డబ్బు గురించి ఆలోచిస్తున్నారు, ఇల్లు నడిపేవారు కాబట్టి. ఆయనకు మండుతున్నది వేరే చోట. 2020లో జిల్లా వార్తలకు విడిగా వేసే టాబ్లాయిడ్లు మెయిన్ పేపర్లో కలిసిపోయి, పేజీలు తగ్గి, పక్క సీట్లలోవాళ్లు ఉద్యోగాలు పోయి ఇళ్లకు వెళ్లిపోయినప్పుడు కూడా తట్టుకుని నిలబడ్డ మనిషి. ఇప్పుడు అర్ధరాత్రి పేజీ వదిలే హడావుడిలో, తనకంటే 14 వేలు ఎక్కువ తీసుకునేవాడి కాపీ ముందేసుకుని కూర్చుంటున్నారు. ప్రమాదంలో పోయినాయన పేరు హెడ్డింగులో ఒకటి, వార్తలో ఒకటి ఉంటే, ఆ వార్త పంపి నిద్రపోయిన ఊరి విలేఖరిని (కంట్రిబ్యూటర్‌ను) ఫోన్‌లో లేపి సరిచేసేది ఈయనే. తప్పు అచ్చయితే మెమో ఈయనకు, వార్త బాగుందంటే పేరు అతనికి. అలాంటి సమయంలో దుకాణంలో కూర్చోమంటే, నీ పనికి విలువ లేదని ఇంట్లోవాళ్లు కూడా అన్నట్టే ఆయనకు వినపడింది. మీ ఉద్దేశం అది కాదు, మీ అన్నయ్యదీ మంచి మనసే. అయినా అలాగే తగిలింది.

ఆ కుర్రాడి మీద కోపం అనవసరం. ఇస్తామన్నారు, తీసుకున్నాడు. బయటి నుంచి వచ్చేవారికి అడిగినంత ఇవ్వడం, పాతవాళ్లను పాత జీతంలోనే నానబెట్టడం ఈ రంగంలో చూస్తూనే ఉన్నాం. పాతవాడు ఎక్కడికీ పోడని మేనేజ్‌మెంట్ ధీమా. చేతిలో ఇంకో ఆఫర్ కనబడితే తప్ప ఆ ధీమా సడలదు.

కాబట్టి మానేయమనీ, ఉండమనీ మీరు చెప్పొద్దు. ఆయన వీక్లీ ఆఫ్ నాడు మీరూ ఒక పూట సెలవు పెట్టి, పిల్లలు బడికి వెళ్లాక ఇద్దరూ కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోండి. ముందు ఆఫీసులో ఏం జరుగుతోందో మొత్తం చెప్పనివ్వండి. మధ్యలో ఫీజుల మాట ఎత్తొద్దు.

తర్వాత లెక్క. పీఎఫ్ పాస్‌బుక్ ఆన్‌లైన్లో తెరిచి చూడండి. జీతాలు ఆలస్యమయ్యే చోట, కోసుకున్న పీఎఫ్ కట్టకుండా ఉంచుకోవడమూ ఉంటుంది. ఏ నెల జమ పడలేదో రాసిపెట్టుకోండి. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వాటిలో కలిసిపోయింది. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. రాజీనామా చేస్తే రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఉద్యోగం వదిలేటప్పుడు సంస్థ ఇచ్చే గ్రాట్యుటీకి మామూలుగా అయిదేళ్ల సర్వీసు కావాలి, జర్నలిస్టులకు మూడేళ్లు చాలు. గ్రాట్యుటీ లెక్కలోకి వచ్చే జీతం 13 వేలనుకుంటే ఏడాదికి 7,500 చొప్పున, 12 ఏళ్లకు 90 వేలు. ‘ఉత్త చేతులతో బయటపడాలి’ అనే భయం ఆయనలో ఉంటే ఈ అంకె చూశాక కొంత తగ్గుతుంది.

పత్రికల ఉద్యోగులకు జీతాలు ఖరారు చేసేందుకు ప్రభుత్వం వేసే వేతన బోర్డు ఒకటుంది. ‘ఆ బోర్డు జీతం మాకొద్దు’ అని యాజమాన్యం ఆయన చేత సంతకం పెట్టించుకుందేమో కూడా అడగండి. చాలామంది పెట్టారు. అలాంటి బోర్డుల్లో చివరిదైన మజీఠియా బోర్డు వేతనాలు 2011 నవంబరు 11న నోటిఫై అయ్యాయి, 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. బోర్డు ఇచ్చేదానికంటే తక్కువకు ఒప్పుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదని 2017 జూన్ తీర్పులో తేల్చింది. అలాగని రేపే కేసు వేయమని నేను చెప్పను. ఉద్యోగంలో ఉంటూ కేసు వేసినవాళ్లు ఏమేం పడ్డారో ఆయనకు నాకంటే బాగా తెలుసు. బకాయి ఎంతో యూనియన్‌లో తెలిసినవారితో లెక్క వేయించుకుంటే చాలు, నిర్ణయం తర్వాత. ఒక్క మాట మాత్రం తీసుకోండి: కోపంలో రాజీనామా మెయిల్ కొట్టనని. దూరపు ఎడిషన్‌కు బదిలీ చేసి విసిగించి పంపేయడం పాత ఎత్తే. అలాంటిది వస్తే ఆర్డరు చేతికి తీసుకుని, అది యూనియన్‌వాళ్లకు చూపించాకే జవాబివ్వాలి.

‘నాకింకేం పని వచ్చు’ అంటున్నారా? వార్తా ఏజెన్సీ పంపే ఇంగ్లిష్ కాపీని పావుగంటలో చదవదగ్గ తెలుగులోకి తెచ్చే చెయ్యి అందరికీ ఉండదు. సబ్‌టైటిళ్లు, డబ్బింగ్ మాటలు, పాఠ్యపుస్తకాల ఎడిటింగ్, ప్రకటనల తెలుగు, యాప్‌లలో కనిపించే తెలుగును సరిచూడడం, ఇవన్నీ ఆయన చేయగల పనులే. మొదట్లో చిన్న మొత్తాలే వస్తాయి, బిల్లులు అక్కడా ఆలస్యమే. బయటి పని చేయకూడదన్న షరతు అపాయింట్‌మెంట్ ఆర్డర్లో ఉందేమో చూసుకుని, డ్యూటీకి వెళ్లే ముందు రోజూ ఓ గంట పెట్టమనండి. ముందు బయోడేటా రాయాలి. పన్నెండేళ్లుగా రాసి ఉండరు. పక్కన కూర్చుని టైపు చేసి పెట్టండి.

మీ అన్నయ్యకు ఇప్పుడే వద్దనీ, సరేననీ చెప్పకండి. కొన్నాళ్లు ఆగమనండి. మీ ఆయనకు వెళ్లాలనిపిస్తే తనే అడుగుతారు. అప్పుడు కూడా జీతం ఎంత, ఎన్ని గంటల పని, లెక్కలు ఎవరు చూడాలి అన్నవి వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ముందే తేల్చుకోవాలి. ఆ బేరం మధ్యలో మీరు ఉండొద్దు.