అడిగింది ట్యూషన్ గురించి, దొరికింది మా నాన్నకి పని

మీ ఇంటి దగ్గర ఒక స్వచ్ఛంద సంస్థ ఉందని, “అన్ని వయసుల వారికీ” అని బోర్డు పెట్టుకుందని రాశారు. అన్నీ నెత్తిన వేసుకున్నవాళ్లు ఏదైనా సరిగా చేయగలరా అని మీ అనుమానం. అలాంటి సంస్థలోనే ఆరేళ్లుగా వారానికి రెండు సాయంత్రాలు పని చేస్తున్నాను. అంతకుముందు సాయం కోసమే దాని గుమ్మం ఎక్కాను. మీ అనుమానం సగం నిజమే. మిగతా సగం చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

నేను మొదట వెళ్లింది మా అమ్మాయి లెక్కల కోసం. ఎనిమిదో తరగతిలో ఉండేది, లెక్కల పుస్తకం తీస్తే చాలు కళ్లనీళ్లు. సాయంత్రాలు ఫీజు లేకుండా చెబుతారని ఎవరో అంటే వెళ్లాను. డెస్క్ దగ్గరున్నావిడ అమ్మాయి పేరు, క్లాసు రాసుకుని, “ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారండీ?” అని అడిగింది. ట్యూషన్‌కీ దానికీ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు. మా ఆవిడ, మా నాన్న అని చెప్పాను. “నాన్నగారు పగలంతా ఏం చేస్తుంటారు?” అంది. నా దగ్గర జవాబు లేదు. అమ్మ పోయి అప్పటికి ఏడాదిన్నర. ఆయన కుర్చీలోంచి లేచేది తినడానికి, పడుకోవడానికే.

మీ ప్రశ్నకి నా జవాబు చాలావరకు ఆవిడ అడిగిన ఆ మాటలోనే ఉంది. పిల్లలకో ఆఫీసు, పెద్దలకో ఆఫీసు, ఉద్యోగాలకో ఆఫీసు ఉంటే ఒకరికి పిల్ల కనిపిస్తుంది, ఇంకొకరికి ముసలాయన కనిపిస్తాడు. ఇల్లు ఎవరికీ కనిపించదు. అన్ని వయసులనీ చూసే సంస్థకి ఉన్న లాభం అదే. క్లాసులు ఎన్ని పెట్టారన్నది ఆ తర్వాతి మాట.

నాన్నని రప్పించడం తేలిగ్గా అవలేదు. పెద్దల కోసం మధ్యాహ్నం కార్యక్రమం ఉందంటే, “ముసలాళ్ల గుంపులో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టిస్తారా నాతో?” అని విసుక్కున్నారు. సంస్థవాళ్లు రెండుసార్లు పిలిచి ఊరుకున్నారు. మూడోసారి డెస్క్ ఆవిడే ఫోన్ చేసి, “బాబాయిగారూ, మీరు వర్క్‌షాప్‌లో చేశారటగా. ఇక్కడ కుర్చీలు పదకొండు ఊగుతున్నాయి, ఒకసారి చూసిపెడతారా?” అంది. మర్నాడు పొద్దున్నే పనిముట్ల సంచీ పట్టుకుని బయల్దేరారు. కుర్చీలయ్యాక సైకిళ్లు వచ్చాయి, సైకిళ్ల వెంట పిల్లలు చేరారు. అక్కడికి తాను సాయం చేయడానికే వెళ్తున్నానని ఇప్పటికీ ఆయన నమ్మకం. మేమెవరం కాదనలేదు.

ఇలా ఇంటినంతా కలిపి చూడడం డెస్క్ ఆవిడ సొంత తెలివి అనుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, ఈ పద్ధతికి నూట నలభై ఏళ్ల చరిత్ర ఉందని. 1884లో తూర్పు లండన్‌లో బార్నెట్ దంపతులు టాయిన్‌బీ హాల్ అనే సేవా కేంద్రం మొదలుపెట్టారు. చదువుకున్నవాళ్లు పేదల పేటకి అప్పుడప్పుడు వచ్చి దానం చేసి పోకుండా, అక్కడే కాపురం ఉండి పని చేయాలన్నది వాళ్ల ఆలోచన. అది చూసొచ్చిన జేన్ ఆడమ్స్, తన స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి 1889లో షికాగోలో హల్ హౌస్ అని అలాంటిదే తెరిచింది. చిన్నపిల్లల బడితో మొదలై, పగలు పని చేసేవాళ్లకి రాత్రి క్లాసులు, ఆటస్థలం, వ్యాయామశాల ఇలా పెరుగుతూ పోయింది. వీధిలో చెత్త ఎత్తకపోతే పిల్లల ఆరోగ్యం ఏం బాగుపడుతుందని 1895లో జేన్ ఆడమ్స్ ఆ వార్డుకి చెత్త ఇన్‌స్పెక్టర్ ఉద్యోగమే తీసుకుంది. ఆవిడకి 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది గానీ, నాకు మాత్రం ఆ చెత్త ఉద్యోగమే ఎక్కువ నచ్చుతుంది.

ఇప్పుడు నేను చేసే పని కాగితాల బల్ల దగ్గర. పేరు వినడానికి ఏమీ ఉండదు, కానీ అన్ని వయసుల వాళ్లూ వచ్చేది అక్కడికే. పెన్షన్ ఆగిందని ఒకరు, ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చిందని ఒకరు, కాలేజీ దరఖాస్తులో తల్లిదండ్రుల ఆదాయం దగ్గర ఏం రాయాలో తెలియక ఒకరు. ఒకాయన సంచీ నిండా తెరవని కవర్లు తెచ్చి బల్ల మీద బోర్లించాడు. ఎనిమిది నెలల ఉత్తరాలు. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి కవరు చూస్తేనే టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయట. ఇద్దరం కూర్చుని తేదీల వారీగా పేర్చాం. సగానికి పైగా ప్రకటనలే. నిజంగా భయపడాల్సినవి నాలుగు. అందులో ఒకదానికి గడువు ఇంకా మూడు రోజులుంది, అది చాలింది. చట్టం తెలియాల్సినవి నేను ముట్టుకోను, నెలకి రెండుసార్లు వచ్చే లాయర్ కోసం పక్కన పెడతాను. టాయిన్‌బీ హాల్‌లో కూడా 1898 నుంచే పేదలకి ఉచితంగా న్యాయ సలహా ఇచ్చేవారు.

ఇక మీ అనుమానంలో నిజమైన సగం. మేం కొన్ని చాలా చెత్తగా చేశాం. పిల్లల్నీ పెద్దల్నీ కలిపితే బాగుంటుందని ఒకసారి నలభై మందిని ఒకే హాల్లో కూర్చోబెట్టాం. పిల్లల అరుపులకి చెవి మిషన్లు పెట్టుకున్నవాళ్లు వాటిని తీసి జేబులో వేసుకున్నారు. అరగంటలో పెద్దలు ఒక మూల, పిల్లలు ఒక మూల. వయసులు కలవాలంటే చేతిలో పని ఉండాలి, ఇద్దరు ముగ్గురికి మించి ఉండకూడదు. సైకిల్ బాగుచేయడం, మొక్కలు నాటడం, ఫోన్‌లో వీడియో కాల్ ఎలాగో నేర్పడం లాంటివి నడుస్తాయి. ఈ చివరిదానికి పదిహేనేళ్ల పిల్లల్ని మించిన మాస్టార్లు లేరు, అప్పుడప్పుడు విసుక్కుంటారనుకోండి.

పదమూడు నుంచి పద్దెనిమిది దాకా ఉన్నవాళ్లు అన్నిటికన్నా కష్టం. వాళ్ల కోసం గది, ఆటల బల్ల సిద్ధం చేశాం. రెండు నెలల్లో వచ్చింది ఐదుగురు. చివరికి ఒక అబ్బాయిని అడిగితే, “అంకుల్, మీరు ఆరింటికి తాళం వేస్తారు, మేం ఇంట్లోంచి బయటపడేదే ఏడింటికి” అన్నాడు. అంతే సంగతి. వారంలో రెండు రోజులు తొమ్మిది దాకా తెరవడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాల్సి వచ్చింది. ఒంటరితనం ముసలివాళ్ల జబ్బనుకుంటాం గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవయసు వాళ్లలో ప్రతి నలుగురిలో ఒకరు జనానికి దూరమై బతుకుతుంటే, టీనేజ్ పిల్లల్లో కూడా 5 నుంచి 15 శాతం మంది ఒంటరితనంతో ఉన్నారు. నలభై, యాభై ఏళ్ల మగవాళ్లు ఇప్పటికీ మాకు అంతుపట్టలేదు. ఆ కవర్ల ఆయనలా మునిగేదాకా రారు.

డబ్బు దగ్గర ఇంకో చిక్కు. పిల్లల పుస్తకాలకి అని అడిగితే దాతలు వెంటనే ఇస్తారు. కరెంటు బిల్లుకీ, డెస్క్ ఆవిడ జీతానికీ అడిగితే చూద్దామంటారు. నా కళ్లముందే నిధి ఒకటి ఆగిపోయి పెద్దల వ్యాన్ నాలుగు నెలలు కదల్లేదు. హల్ హౌస్ సంస్థంతటిది కూడా, ఎక్కువగా ప్రభుత్వ నిధుల మీద ఆధారపడి నడిచి, డబ్బు లేక 2012లో మూతపడింది. మీరు ఎప్పుడైనా ఇవ్వాలనుకుంటే ఫలానా దానికే అని కట్టడి పెట్టకుండా ఇవ్వండి.

మీ ఇంటి దగ్గరి సంస్థ ఎలాంటిదో తెలుసుకోవాలంటే వాళ్ల బ్రోచర్ చదవొద్దు. పిల్లలు వచ్చే వేళకి, పెద్దలు ఇంకా వెళ్లకముందు, ఒక అరగంట అక్కడ బెంచీ మీద కూర్చోండి. డెస్క్ దగ్గర మనిషి లోపలికొచ్చేవాళ్లని పేరు పెట్టి పిలుస్తున్నారా, వాళ్లవల్ల కానిదాన్ని కాదని చెప్పి, వేరేచోటికి ఫోన్ చేసి మరీ పంపుతున్నారా చూడండి. మతిమరుపు ముదిరినవాళ్ల సంరక్షణ, వైద్యం లాంటివి కూడా మేమే చేస్తామంటే మాత్రం జాగ్రత్త. పిల్లల్ని పంపేముందు, వాలంటీర్ల గత చరిత్ర విచారిస్తారా, ఒక పెద్ద మనిషి ఒక్క పిల్లతో తలుపేసిన గదిలో ఉండకూడదనే నియమం ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. మంచి సంస్థ అయితే ఆ ప్రశ్నకి నొచ్చుకోదు.

ఫారం ఇస్తే ఇంట్లో ఉన్న అందరి పేర్లూ రాయండి. నేను మొదట మా అమ్మాయి పేరొక్కటే రాశాను.