బ్యాక్‌స్వింగ్ మార్చుకుంటున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే సీజన్ లోపు నీ బ్యాక్‌స్వింగ్, అదే బంతిని కొట్టే ముందు గోల్ఫ్ కర్రను (క్లబ్‌ను) వెనక్కి పైకి తీసుకెళ్లే తీరు, మొత్తం మార్చేస్తానని పట్టు పట్టావట. డ్రైవర్‌తో, ఆ అన్నిటికంటే పొడుగు క్లబ్‌తో, ఇంకో ఇరవై గజాలు కావాలట. కాలేజీ అయ్యాక చీకటి పడేదాకా ప్రాక్టీస్ చేసే రేంజ్‌లోనే ఉంటున్నావట. వింటుంటే ఛాతీ పొంగింది. మన ఇంటి ఆడపిల్ల గోల్ఫ్ బ్యాగు భుజాన వేసుకుని ఊరూరా టోర్నమెంట్లకు తిరుగుతుందని మీ తాతగారికి ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవారు కాదు. కానీ ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది. "తుంటి అస్సలు కదలకుండా భుజాలు మాత్రమే తిప్పడం నేర్చుకుంటోంది బావగారూ, కోచ్ చెప్పింది కాదు, ఫోన్‌లో చూసి చేస్తోంది" అని. ఇక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. గ్రిప్ మరీ బిగించకు. బంతి మీదికి వంగేటప్పుడు నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర వంగు. మొదటి అడుగు దూరం క్లబ్‌ను నేలకు దగ్గరగా, భుజాలతో వెనక్కి తీసుకెళ్లు, మణికట్టుతో లాక్కోకు. షాఫ్ట్, అంటే క్లబ్ కాడ, నేలకు సమాంతరంగా వచ్చిన చోట ఒకసారి ఆపి చూసుకో: క్లబ్ తల నీ చేతుల కంటే లోపలికి, నీ వీపు వెనక్కి పోకూడదు. అక్కడ సరిగ్గా ఉంటే పైన సగం తప్పులు రానే రావు. ఇవన్నీ మీ కోచ్ చూసుకుంటారు.

నేను చెప్పాల్సింది తుంటి గురించి. అంటే మీ నాన్న గురించి.

మీ అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్ ఎప్పుడైనా సరిగ్గా చూశావా? అందులో మీ నాన్న పీటల మీద లేడు, స్టూలు మీద కూర్చున్నాడు. ఎందుకని నువ్వు అడిగే ఉంటావు, మోకాలు నొప్పి అని ఏదో చెప్పి ఉంటాడు. మోకాలు కాదు, నడుము. వాడు నీకు చెప్పడని నాకు తెలుసు కాబట్టి నేనే చెబుతున్నాను.

విశాఖలో మన ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884 నాటిది. ఆ సముద్రం గాలిలో బంతిని తిన్నగా కొట్టడం పెద్దవాళ్లకే కష్టం. అక్కడ మీ నాన్న స్వింగ్ చూడటానికి బ్యాగులు మోసే కేడీలు నడక ఆపి నిలబడేవాళ్లు. వాడికి ఎవరూ నేర్పలేదు. చూసి పట్టుకున్నాడు. క్లబ్ పైకి వెళ్లేకొద్దీ కుడి తుంటి వెనక్కి తిరిగేది, ఎడమ మడమ నేల మీంచి కాస్త లేచేది, దిగేటప్పుడు ముందు ఆ మడమే నేలకు ఆనేది. ఎక్కడా తొందర ఉండేది కాదు. నేను వాడి వెనకే నిలబడి చూసేవాణ్ణి, తమ్ముడని కాదు, నిజంగానే అందంగా ఉండేది.

90ల్లో అమెరికా గోల్ఫ్ పత్రికల్లో ఎక్స్ ఫ్యాక్టర్ అని ఒకటి బాగా ప్రచారమైంది. భుజాలు తిరిగిన కోణానికీ, తుంటి తిరిగిన కోణానికీ మధ్య తేడా ఎంత ఎక్కువుంటే బంతి అంత దూరం పోతుందని. అందులో నిజం లేకపోలేదు. మామూలుగా పైకి వెళ్లేసరికి భుజాలు తొంభై డిగ్రీలు, తుంటి దాదాపు నలభై అయిదు తిరుగుతాయి. ఆ తేడా నుంచే బలం పుడుతుంది. అయితే చదివినవాళ్లలో చాలామంది దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు: తుంటిని కట్టేస్తే చాలు, తేడా దానంతట అదే పెరుగుతుందని. క్లబ్‌లో ఎవరో తెచ్చిన పత్రిక మీ నాన్న చేతికీ వచ్చింది. ఇంటికొచ్చి పాత సైకిల్ ట్యూబు కోసి రెండు మోకాళ్లకూ బిగించి కట్టుకున్నాడు. రోజూ సాయంత్రం బీరువా అద్దం ముందు నిలబడి, కింద ఏదీ కదలకుండా పైన మాత్రం తిప్పేవాడు. మీ నాయనమ్మ "ఒరే, చూస్తుంటేనే నాకు నడుం పట్టేస్తోందిరా" అనేది.

దూరం పెరిగింది అమ్మలూ. అదే కొంప ముంచింది. పెరగకపోతే నెల రోజుల్లో మానేసేవాడు. బంతి అంతకు ముందు పడని చోట్ల పడుతుంటే అందరూ భుజం తట్టారు. పొద్దున్నే లేచేటప్పుడు నడుం పట్టేస్తోందని చెప్పేవాడు, వేణ్నీళ్లు పోసుకుంటే పోయేది, మళ్లీ రేంజ్‌కి వెళ్లేవాడు. తడి చీర ఒక కొస గుంజకు కట్టి రెండో కొస మెలిపెట్టినట్టు, ఆ తిప్పుడంతా నడుములోని నాలుగైదు పూసల మీదే పడుతోందని మాలో ఎవరికీ తెలియదు. ఆ కింది పూసలు పెద్దగా తిరిగే రకం కావు. తిరగాల్సింది తుంటి కీళ్లు, వీపు పైభాగం. వాటిలో ఒకదాన్ని కట్టేస్తే ఆ భారం మధ్యలో ఉన్నదాని నెత్తిన పడుతుంది.

ఒక చలికాలం పొద్దున, ఒళ్లు వేడెక్కకుండానే, ఆట మొదలుపెట్టే చోట, మొదటి టీ మీద, డ్రైవర్ తీశాడు. క్లబ్ పైకి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. కిందికి దించలేకపోయాడు. "అన్నయ్యా, పట్టుకో" అన్నాడు, చాలా మెల్లగా. నేను వెళ్లి వేళ్లు ఒక్కొక్కటీ విప్పి క్లబ్ తీసుకున్నాను. ఆ చలిలో వాడి మొహమంతా చెమట. అలాగే పక్కకు ఒరిగి గడ్డి మీద పడుకున్నాడు. నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని డాక్టరు చెప్పారు. నెలల తరబడి మంచం మీదే ఉన్నాడు. ఎడమ కాలు బొటనవేలు పైకెత్తడానికి కూడా కష్టపడేవాడు. తర్వాత నడిచాడు, ఉద్యోగానికి వెళ్లాడు, పెళ్లి చేసుకున్నాడు, నిన్ను ఎత్తుకుని తిరిగాడు కూడా. కానీ రైలెక్కితే ఇప్పటికీ బెల్టు కట్టుకునే కూర్చుంటాడు. మళ్లీ పూర్తి ఆట, పద్దెనిమిది హోల్స్, ఆడలేదు. నువ్వు ఆడుతుంటే చూడటానికి నాన్న రాడని నీకు కోపమట. వాడికి ఇష్టం లేక కాదు తల్లీ. క్లబ్ పైకి వెళ్లిన ఆ క్షణం చూడలేడు.

ఇప్పుడు ఆ ఫోన్‌లోని వీడియోలు పక్కన పెట్టి పెదనాన్న మాట విను. తుంటిని తిరగనివ్వు. పైకి వెళ్లేటప్పుడు నీ కుడి ప్యాంటు జేబు వెనక్కి, లక్ష్యానికి దూరంగా వెళ్లాలి. కుడి మోకాలు కొంచెం నిటారైనా ఫర్వాలేదు, ఎడమ మోకాలు లోపలికి వచ్చినా ఫర్వాలేదు. ఎడమ మడమ లేస్తే లేవనీ. అమెరికా ఆటగాడు జాక్ నిక్లాస్ ఎడమ మడమ లేపుతూనే 18 మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లు, గెలిచాడు. తిరగడం వేరు, పక్కకు జరగడం వేరు. ఆ తేడా తెలియాలంటే కుడి తుంటి పక్కనే, తాకీ తాకనట్టు ఒక కుర్చీ వేసుకుని బంతి లేకుండా స్వింగ్ చెయ్యి. కుర్చీ పక్కకు నెట్టుకుపోతే నువ్వు జరుగుతున్నావు. కుర్చీ కదలకుండా నీ జేబు వెనక్కి పోతే తిరుగుతున్నావు. ఇంట్లో హాల్లోనే చేసుకోవచ్చు, మీ అమ్మ పూలకుండీ మాత్రం తీసి పక్కన పెట్టు.

ఎంత దూరం పైకి వెళ్లాలి అన్నది రెండో సంగతి. ఎడమ భుజం గడ్డం కిందికి వచ్చిందా, నీ బ్యాక్‌స్వింగ్ అయిపోయింది. ఆ తర్వాత క్లబ్ ఇంకా వెనక్కి పోతోందంటే తిరుగుతున్నది నువ్వు కాదు, ఎడమ మోచేయి మడత పడుతోంది, లేదా ఎడమ చేతి చివరి మూడు వేళ్లు గ్రిప్ వదిలేస్తున్నాయి. దానివల్ల ఒక్క గజం కూడా రాదు, పైపెచ్చు బంతి దగ్గరికి క్లబ్ సమయానికి చేరదు. స్పెయిన్ ఆటగాడు జాన్ రామ్‌ను చూడు. కుడి పాదం వంకరతో పుట్టాడు, ఆ చీలమండ అందరిలా వంగదు. అందుకే పొట్టి బ్యాక్‌స్వింగ్‌తోనే ఆడతాడు, తన ఒళ్లు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతాడు. ఆయన బంతి తక్కువ దూరం పోతోందని ఎవరైనా అన్నారా?

ఇరవై గజాలు అంటున్నావు కాబట్టి ఒక లెక్క చెబుతాను. డ్రైవర్ తల వేగం గంటకు ఒక మైలు పెరిగితే సుమారుగా రెండున్నర గజాలు వస్తాయి. ఇరవై గజాలంటే ఎనిమిది మైళ్లు. ఒక్క సీజన్‌లో బ్యాక్‌స్వింగ్ మార్చినంత మాత్రాన అన్ని రావు. కాళ్లలో, పిరుదుల్లో బలం పెరగాలి, బంతి క్లబ్ ముఖానికి నడిమధ్యన తగలాలి. ఇప్పుడు నువ్వు కొట్టేవాటిలో సగం క్లబ్ కొన వైపు తగులుతున్నాయని మీ కోచే అన్నారట. ముందు అది సరిచేసుకో, కొన్ని గజాలు అక్కడే దొరుకుతాయి. మన అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో దూరం విషయంలో వెనకబడిన ఆటగత్తె. అయినా నాలుగో స్థానం, కాంస్యానికి ఒక్క షాట్ తేడా. ఆ వారమంతా ఆమె బ్యాగు మోసింది వాళ్లమ్మే. ఆ రోజు టీవీ ముందు మన ఇంట్లో అందరం కూర్చున్నాం, మీ నాన్న కూడా. నీకు గుర్తుందో లేదో, చివరి పట్ దాకా వాడు లేవలేదు.

వేగం పైకి వెళ్లేటప్పుడు రాదు. పెద్ద ఆటగాళ్లలో చాలామందికి పైకి పట్టే సమయం కిందికి పట్టే సమయానికి దాదాపు మూడు రెట్లు. నువ్వు క్లబ్‌ను వెనక్కి లాగేస్తావు. పోయినసారి గోల్కొండ నయా ఖిల్లా గోల్ఫ్ కోర్సులో నీతో నడిచినప్పుడే గమనించాను, ఏమీ అనలేదు, నువ్వు అంత సంతోషంగా ఉన్నావు. మనసులో "ఒకటి, రెండు, మూడు" అనుకుంటూ పైకి వెళ్లు, "నాలుగు" అన్నప్పుడు బంతి తగలాలి. రెండు పాదాలూ దగ్గర పెట్టుకుని ఎనిమిదో ఐరన్ క్లబ్‌తో సగం స్వింగ్‌లు కొట్టు. తొందరపడితే తూలిపోతావు, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక తిట్లు. ఒళ్లు వేడెక్కకుండా డ్రైవర్ ముట్టుకోకు. ముందు నడువు, చేతులు ఊపు, తుంటి కీళ్లు గుండ్రంగా తిప్పు, దగ్గరి దూరాలకు వాడే వెడ్జ్ క్లబ్‌లతో మొదలుపెట్టు. కృత్రిమ మ్యాట్ మీద బక్కెట్ల కొద్దీ కొట్టకు, మణికట్టు పోతుంది. రేంజ్‌కి వెళ్లని రోజు కూడా ఉండాలి. నడుములో నొప్పి వస్తే ఆపు. నొప్పి పిరుదులోకో కాల్లోకో దిగితే అదే రోజు మీ అమ్మకు చెప్పు, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లు. టోర్నమెంట్ ఉందని దాచిపెడితే మాత్రం నేను బస్సెక్కి వచ్చి నీ క్లబ్‌లు పట్టుకుపోతాను. టైగర్ వుడ్స్‌కు 2014లో నడుముకు మొదటి ఆపరేషన్, 2017లో పూసలు కలిపే ఆపరేషన్ చేశారు. ఆయన చుట్టూ ఎంతమంది డాక్టర్లు, ట్రైనర్లు ఉన్నారో ఆలోచించు. నీకున్నది మేమే.

సీజన్ మధ్యలో ఏదీ మార్చకు. ఇప్పుడు మొదలుపెడితే మొదటి నెల బంతి లేకుండా, తర్వాత సగం స్వింగ్, ఆ తర్వాతే పూర్తి స్వింగ్. మధ్యలో స్కోర్లు పాడవుతాయి, ఏడవకు. కోచ్‌తో మాట్లాడకుండా ఒక్కటి కూడా మార్చకు. ఈ ఉత్తరం ఆయనకు చూపించినా నాకు అభ్యంతరం లేదు, నేను చెప్పినదాంట్లో తేడా ఉంటే దిద్దమను.

ఆదివారం పొద్దున నాకు రెండు వీడియోలు పంపు. ఒకటి ఎదురుగా, ఒకటి నీ వెనక నుంచి లక్ష్యం వైపు చూస్తూ. ఫోన్ చేతుల ఎత్తులో ఉండాలి, కింద నుంచి తీస్తే అంతా తప్పుగా కనిపిస్తుంది. స్లో మోషన్‌లో తీయి. డ్రైవర్ వద్దు, ఏడో ఐరన్. వీడియో తీయమని మీ నాన్ననే అడుగు. రానంటే పెదనాన్న అడగమన్నాడని చెప్పు. ఫోన్ పట్టుకుని నీ వెనక నిలబడితే చాలు, ఏమీ మాట్లాడక్కర్లేదు. నీ తుంటి తిరగడం వాడొకసారి కళ్లారా చూడాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న