పాఠకుల సందేహాలు: గేమ్ కన్సోల్ ధర తగ్గేదాకా ఆగడం మంచిదా?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2025 జూన్‌లో వచ్చిన, జపాన్ కంపెనీ నింటెండో వారి గేమ్ కన్సోల్ (ఆటలు ఆడుకునే యంత్రం) స్విచ్ 2 కొనుక్కుంటానని ఉబలాటపడుతుంటే నేనే ఆపాను. దాని ధర దాదాపు 450 డాలర్లు, అంటే మన లెక్కలో 40 వేల రూపాయలకు దగ్గర. నాలుగు నెలలు ఓపిక పడితే అదే దిగి వస్తుందని చెప్పాను. ఆషాఢం దాకా ఆగి చీరలు కొన్న అనుభవం నాది. ఇప్పుడు అక్టోబరు వచ్చినా ఒక్క డాలరు కూడా తగ్గలేదని వాడు నన్ను ఆటపట్టిస్తున్నాడు. నేనిచ్చిన సలహా తప్పంటారా? (ఒక పాఠకురాలు, గుంటూరు, 2025 అక్టోబరు)

జవాబు: ఇదే సలహా మీరు 2011లో ఇచ్చి ఉంటే మీ అబ్బాయికి 80 డాలర్లు మిగిలేవి. ఆ ఏడాది ఫిబ్రవరి 26న జపాన్‌లో 25,000 యెన్‌లకు, మార్చి 27న అమెరికాలో 249.99 డాలర్లకు నింటెండో వారిదే 3డీఎస్ అనే చేతి గేమింగ్ యంత్రం విడుదలైంది. ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకోకుండానే తెరలో లోతు కనిపించే ఆ యంత్రం మార్చి నెలాఖరుకల్లా 36 లక్షలు అమ్ముడుపోయింది కానీ, తర్వాతి మూడు నెలల్లో ప్రపంచమంతటా కలిపి 7 లక్షల పైచిలుకు మాత్రమే కదిలింది. దాని మీద ఆడేందుకు చెప్పుకోదగ్గ ఆటలు అప్పటికి రాకపోవడం, ధర ఎక్కువన్న మాట జనంలో పాకిపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. జూలై 28న కంపెనీ ధర తగ్గిస్తున్నట్టు ప్రకటించి, ఆగస్టు రెండో వారంలో జపాన్‌లో 15,000 యెన్‌లకు, అమెరికాలో 169.99 డాలర్లకు దించేసింది. విడుదలై ఆరు నెలలైనా నిండని వస్తువు జపాన్‌లో ఐదింట రెండు వంతులు చవకైందన్న మాట.

అంతకు ముందే పూర్తి ధర పెట్టి కొన్నవారి గోడు ఎలా ఉండి ఉంటుందో మీరు ఊహించగలరు. వారిని శాంతింపజేయడానికి కంపెనీ 'అంబాసిడర్లు' అనే గౌరవం కట్టబెట్టి, 20 పాత ఆటలను ఉచితంగా ఇచ్చింది. ధర తగ్గే తేదీ లోపల ఆ యంత్రం నుంచి ఒక్కసారైనా ఆన్‌లైన్ దుకాణం తెరిచి ఉండాలన్నదే అందుకు షరతు. అయితే అమెరికాలో కొన్ని దుకాణాలు గడువుకు రెండు మూడు రోజుల ముందే కొత్త ధరకు అమ్మడం మొదలుపెట్టడంతో, ఆ వార్త తెలిసిన చురుకైనవారు 80 డాలర్లు తక్కువ పెట్టి యంత్రం తెచ్చుకుని, ఆ రాత్రే దాన్ని ఇంటర్నెట్‌కు కలిపి, ఉచిత ఆటలను కూడా దక్కించుకున్నారు. ఈ రంగంలో ఇంతకంటే లాభసాటి బేరం నాకు తెలిసి మరొకటి లేదు.

కంపెనీకి మాత్రం ఆ తగ్గింపు చాలా భారమైంది. అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాటా తన స్థిర జీతంలో సగం కోసుకున్నారు. తయారీ ఖర్చు కంటే తక్కువకు అమ్మవలసి రావడం, యెన్ విలువ బలంగా ఉండి విదేశీ ఆదాయం కరిగిపోవడం వంటి కారణాలతో, 2012 మార్చితో ముగిసిన సంవత్సరంలో నింటెండో 4,320 కోట్ల యెన్‌ల నికర నష్టం చూపింది. 3డీఎస్ మాత్రం నిలదొక్కుకుంది. 2011 చివర్లో మారియో ఆటలు రెండు వచ్చాక అమ్మకాలు ఊపందుకుని, దాని రకాలన్నీ కలిపి మొత్తం మీద 7 కోట్ల 59 లక్షలు అమ్ముడైంది.

ఇక మీ ఆషాఢం లెక్కకు వద్దాం. చీరల దుకాణదారుకు ఒక్కో చీర మీద మిగిలే లాభంలో కొంత వదులుకునే వీలుంటుంది, పెళ్లిళ్లు లేని నెలలో సరుకు కదిలించుకోవలసిన అవసరమూ ఉంటుంది. ఆ రెండూ కలిస్తేనే ఆషాఢం తగ్గింపు. గేమ్ కన్సోల్ అమ్మే దుకాణానికి ఆ యంత్రం మీద మిగిలేది చాలా స్వల్పం. వారికి డబ్బు వచ్చేది ఆటల మీద, కవర్లూ ఛార్జర్ల మీద, అదనపు వారంటీల మీద. కాబట్టి తమంతట తాముగా ధర తగ్గించే స్తోమత వారికి ఉండదు, తయారీదారు తగ్గిస్తేనే తగ్గుతుంది. విడిభాగాలు చవకైనప్పుడో, సరుకు కదలక గుండెల్లో రాయి పడినప్పుడో మాత్రమే తయారీదారు ఆ పని చేస్తాడు. సోనీ కంపెనీ చేతి గేమింగ్ యంత్రం పీఎస్ వీటా 2012 ఫిబ్రవరిలో అమెరికాలో 249 డాలర్లకు వచ్చి, ఏడాదిన్నర తర్వాత 199కి దిగింది రెండో కారణం వల్లనే. అయినా దానికోసం విడిగా కొనవలసిన 32 జీబీ మెమరీ కార్డును విడుదలనాడు దాదాపు 100 డాలర్లకు అమ్మారు కనుక, యంత్రం మీద తగ్గిన 50 డాలర్లను చూసి అంతగా సంబరపడవలసిన పని లేదు.

స్విచ్ కథ దీనికి పూర్తిగా భిన్నం. 2017 మార్చి 3న 299.99 డాలర్లకు వచ్చిన మొదటి స్విచ్ ఎనిమిదేళ్లకు పైగా అమెరికాలో ఆ ధర నుంచి కిందికి దిగలేదు. తగ్గింపు కావాలనుకునేవారి కోసం 2019 సెప్టెంబరులో, టీవీకి కలిపే వీలు లేని స్విచ్ లైట్‌ను 199.99 డాలర్లకు విడిగా తెచ్చారు. నవంబరు చివర బ్లాక్ ఫ్రైడే అమ్మకాల్లో, అదే 299.99 డాలర్లకు యంత్రంతో పాటు మారియో కార్ట్ ఆటను కలిపి ఇస్తూ వచ్చారు. విడిగా కొంటే ఆ ఆట 60 డాలర్లు. అట్ట మీది అంకె అలాగే ఉండి, లోపలి సరుకు పెరగడమే అక్కడి తగ్గింపు. చివరికి 2025 ఆగస్టు 3న ఆ పాత స్విచ్ ధరనే 339.99 డాలర్లకు పెంచారు. ఎనిమిదేళ్లు ఆగినవాడికి 40 డాలర్లు నష్టం వచ్చిన విచిత్రం ఇది.

స్విచ్ 2 మీద ధర పెంచవలసిన ఒత్తిడి మొదటినుంచీ ఉంది. 2025 ఏప్రిల్ 2న అమెరికా ప్రభుత్వం కొత్త దిగుమతి సుంకాలు ప్రకటించడంతో, ఆ నెల 9న మొదలు కావలసిన ముందస్తు బుకింగులను నింటెండో 24కు వాయిదా వేసింది. అమెరికాకు వెళ్లే యంత్రాలు ఎక్కువగా వియత్నాంలో తయారవుతాయి. వియత్నాం మీద తొలుత ప్రకటించిన సుంకం 46 శాతం. చివరకు యంత్రం ధర 449.99 డాలర్ల వద్దే ఉంచి, అదనపు పరికరాల ధరలు పెంచారు. జూన్ 5న విడుదలైన మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలు అమ్ముడైన వస్తువు ధరను మొదటి సంవత్సరంలో దించవలసిన అగత్యం కంపెనీకి నాకైతే కనిపించడం లేదు.

మీ అబ్బాయి బ్లాక్ ఫ్రైడే దాకా ఆగితే అర్థముంది, అది కూడా ఆట కలిపి ఇచ్చే పెట్టె కోసమే. మారియో కార్ట్ వరల్డ్ ఒక్కటే విడిగా 79.99 డాలర్లు కాబట్టి అలాంటి పెట్టెలో మిగులు కనిపిస్తుంది. అంతకు మించి ఆగమని మాత్రం చెప్పకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇదే స్విచ్ 2 యంత్రాన్ని ఒక దుకాణంలో ఒక ధర, పక్క వీధిలో మరో ధర, మూడు వారాల తర్వాత ఇంకో ధర చెబుతున్నారు. కంపెనీ ధర మారలేదంటున్నారు కదా, మరి ఇక్కడ ఎందుకు మారుతోంది? టోక్యో నుంచి వచ్చే మా బావ అక్కడ చాలా చవక అంటున్నాడు, తెప్పించుకోవచ్చా? (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: నింటెండో తన యంత్రాలను భారతదేశంలో నేరుగా అమ్మడం లేదు. మీరు చూసేవి దుబాయ్, సింగపూర్, హాంగ్‌కాంగ్ వంటి చోట్ల నుంచి వ్యాపారులు తెప్పించినవి. విదేశంలో వారు కొన్న ధర, ఆనాటి డాలరు మారకం, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, వ్యాపారి లాభం, వీటన్నిటి మీదా తొలి రోజుల్లో 'నా దగ్గరే ఉంది' అన్న ధైర్యానికి వేసే అదనపు వడ్డన, ఇవి కలిస్తే మీకు చెప్పే ధర. సరుకు పెరిగేకొద్దీ ఈ చివరి వడ్డన కరిగిపోతుంది. అందుకే అమెరికాలో ఒక్క డాలరు తగ్గని వస్తువు కూడా మన ఊళ్లో మూడు నెలలకు కొన్ని వేలు తగ్గినట్టు కనబడుతుంది. గుంటూరు పాఠకురాలి సలహా డాలస్‌కు కాక మీకు చక్కగా సరిపోతుంది. కొనేటప్పుడు బిల్లు అడగండి. 'దుకాణం వారంటీ' అన్నది ఎన్నాళ్లో, పాడైతే ఎవరు బాగుచేస్తారో దాని మీద రాయించుకోండి.

మీ బావగారు చెప్పిన మాట నిజమే. జపాన్‌లో 2025లో స్విచ్ 2 ధర 49,980 యెన్‌లు, అంటే సుమారు 29 వేల రూపాయలు. అయితే ఆ పెట్టెలోని యంత్రంలో జపనీస్ తప్ప మరో భాష ఉండదు, జపాన్ ప్రాంతానికి చెందిన ఖాతాను మాత్రమే దానికి కలపగలరు. యెన్ బలహీనంగా ఉన్నప్పుడు తమ దేశస్థుల కోసం ధర తక్కువగా ఉంచి, ఆ చవక సరుకు విదేశాలకు తరలిపోకుండా వేసిన తాళం అది. అన్ని భాషలూ ఉన్న యంత్రం కావాలంటే అక్కడే 69,980 యెన్‌లు, అదీ కంపెనీ సొంత ఆన్‌లైన్ దుకాణంలోనే. ఆ దుకాణంలో స్విచ్ 2 అమ్మకానికి లాటరీ పెట్టినప్పుడు, అంతకు ముందే పాత స్విచ్ మీద 50 గంటలు ఆడి ఉండాలని, ఏడాది పాటు ఆన్‌లైన్ సభ్యత్వం కట్టి ఉండాలని షరతులు విధించారు. అయినా 22 లక్షల మంది దరఖాస్తు చేశారు. బావగారు జపనీస్ మెనూలు చదివి చెబుతానంటే తప్ప మొదటి రకం తెప్పించకండి.

ప్రశ్న: విండోస్ మీద నడిచే ఒక చేతి గేమింగ్ యంత్రాన్ని విడుదలైన వారంలోనే కొన్నాను. రెండు నెలలు తిరగకుండానే పండుగ అమ్మకాల్లో పది వేలు తగ్గించారు. తేడా డబ్బు అడిగే హక్కు నాకు లేదా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: లేదు. అట్ట మీద ముద్రించిన ఎమ్మార్పీ గరిష్ఠ ధర. దాన్ని మించి తీసుకుంటే నేరం, అంతకంటే తక్కువకు ఎవరికి ఎప్పుడు అమ్మినా వ్యాపారి ఇష్టం. ఈ రకం యంత్రాలను మీరు కన్సోళ్ల లెక్కలో చూడకండి, అవి లాప్‌టాప్‌ల తోబుట్టువులు. ఏడాది రెండేళ్లకోసారి కొత్త ప్రాసెసర్ వస్తుంది, వచ్చేలోగా పాత సరుకు ఖాళీ చేయాలి, ఆటల అమ్మకంలో వాటా రాదు కనుక తయారీదారు మొదటే లాభం వేసుకుంటాడు. ఆ లాభమే తర్వాత తగ్గింపుగా కరుగుతుంది. ఆటల అమ్మకం కూడా తన చేతిలోనే ఉన్న వాల్వ్ కంపెనీ మరో తీరున నడిచింది. 2022 ఫిబ్రవరిలో 399 డాలర్లకు స్టీమ్ డెక్ అనే చేతి యంత్రాన్ని 64 జీబీ నిల్వతో ఇచ్చి, 2023 నవంబరులో అదే ధరకు 256 జీబీది ఇచ్చింది.

అమెరికాలో కొన్ని పెద్ద దుకాణాలు, కొన్న రెండు వారాల్లోపు తమ వద్దే ధర తగ్గితే తేడా తిరిగి ఇస్తాయి. మన దగ్గర ఆ ఆనవాయితీ దాదాపు లేదు. ఉన్నా మీకు రెండు నెలలు గడిచిపోయాయి.